ఇరవై ఇటుకల వరుస

మా ఆయన సిద్దయ్య భీవండి పోతానని చెప్పిన పూట నేను వెదురు బద్దలు చీరుతున్నాను. చేతిలో ఉన్న బద్దను పుటుక్కున విరిచి, "పోతె పో, నిన్నెవడు పట్టుకున్నడు?" అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని వాడకట్టంతా అంటారు. ఉంటుంది, కాదనను. కానీ ఆ పూట అది కోపం కాదు, భయం. పెళ్లయి తొమ్మిదేళ్లు. ఆయన లేకుండా ఒక్క రోజు గడిపి ఎరగను. ఆ సంగతి నోటితో చెప్పడం మా పుట్టింట్లో ఎవరూ నేర్పలేదు. పనికి పోయే మొగవాణ్ణి ఆడది ఆపకూడదని మాత్రం బాగా నేర్పారు.

ఇది పంతొమ్మిది వందల అరవై నాలుగో సంవత్సరం మాట. నార్కట్‌పల్లికి రెండు కోసుల దూరంలో మాది సాలోళ్ల ఊరు. అప్పటికే మా వాడలో సగం ఇండ్ల మొగవాళ్లు బొంబాయి దగ్గరి భీవండి బట్టల మిల్లుల్లో చేరిపోయారు. కొందరు ఏడాదికోసారి వచ్చేవారు. కొందరు ఉత్తరం రాసేవారు. కొందరు ఆ రెండూ మానేశారు. మా ఆయన మేనమామ కొడుకు భిక్షపతి అక్కడ ఒక మిల్లులో జమేదారు. ఊరికి వచ్చినప్పుడు మా అరుగు మీద కూర్చుని, "మంది కావాలె బావా. వచ్చే నెల మొదటి సోమారం ఆరుగురిని తీస్కపోత. నువ్వు ఊ అంటె ఆరోవాడివి నువ్వే" అన్నాడు. నేను పొమ్మన్నాక మా ఆయన ఊ అన్నాడు.

ఆయన తప్పేమీ లేదు. మేము నేసేవాళ్లం కాదు, నేసేవాళ్లకు సామాను చేసేవాళ్లం. ఆయన నాడెలు చెక్కుతాడు. మగ్గంలో పేక నూలును అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు మోసుకుపోయే చెక్క పడవ నాడె. నేను పన్నెలు కడతాను. సన్నటి వెదురు బద్దలను దువ్వెన పళ్లలా వందల కొద్దీ వరసగా నిలబెట్టి దారంతో బిగించి కడితే పన్నె. పడుగు పోగులన్నీ దాని సందుల్లోంచే రావాలి. షోలాపూర్ నుంచి మిషన్ మీద చేసిన ఇనుప ముక్కు నాడెలు రావడం మొదలయ్యాక మా ఆయన నాడెను అడిగే దిక్కు లేకపోయింది. చెయ్యి ఊరుకోక బొంగరాలు, దువ్వెనలు చెక్కి నల్లగొండ బజారులో ఫ్యాన్సీ దుకాణం పెట్టుకున్న లియాఖత్ అలీకి వేస్తుండేవాడు.

భిక్షపతి వచ్చిపోయిన మూడో రోజు ఆ లియాఖత్ అలీయే మా గుమ్మంలో నిలబడ్డాడు. భారీ మనిషి. బస్సు దిగి నడిచి వచ్చినందుకు చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. చెంబెడు నీళ్లు తాగి, జేబులోంచి ఉర్దూ పేపరు పొట్లం తీసి విప్పాడు. అందులో నాలుగు బిళ్లలున్నాయి, రెండు ఎర్రవి, రెండు తెల్లవి. ఒక్కొక్కటి అగ్గిపెట్టెలో సగమంత. పైన కందిగింజంత బుడిపెలు, నాలుగేసి రెండు వరసలు. కింద డొల్ల.

"చూడు సిద్దయ్యా" అని ఒకదాన్ని ఇంకొకదాని మీద పెట్టి వేలితో నొక్కాడు. టక్కుమంది. తలకిందులు చేసి దులిపాడు. ఊడలేదు. మళ్లీ గోటితో ఎత్తితే సులువుగా వచ్చేసింది.

మా ఆయన చేతిలో బొంగరం కింద పడిపోయింది. దాన్ని తీసుకోలేదు.

"పిల్లలు ఆడుకునే ఇటుకలు. డెన్మార్క్ దేశంల చేస్తరట" అన్నాడు లియాఖత్ అలీ. "మా చెల్లె మొగడు లండన్ పోయి ఒక పెట్టె తెచ్చిండు. హైదరాబాద్‌ల నర్సరీ బడులోళ్లు గివి కావాలె, గివి కావాలె అని నా పానం తింటున్నరు. బయటి సామాను రానిస్తలేరు సర్కారోళ్లు. నువ్వు కర్రతోని చేస్తవా?"

"చేస్త."

"ఊకె చేసుడు కాదు. దీంతోని కలవాలె. పెట్టెలు ఉన్నోళ్ల కాడ సగం ఇటుకలు పోయినయి. మనది దాని మీద కూసోవాలె, అది మన దాని మీద కూసోవాలె. కలిస్తె ఏడాది పొడుగునా పని ఇస్త నీకు. కలవకుంటె కట్టెముక్కలే."

ఏడాది పొడుగునా పని అన్నమాట చెవిన పడగానే నా చేతిలో కత్తి జారి బొటనవేలు తెగింది. వేలు నోట్లో పెట్టుకుని, "ఏడాదంటె ఏడాదేనా సేట్, లేకుంటె దుకాణం ముంగట చెప్పే మాటనా?" అన్నాను.

ఆయన నవ్వాడు. "లీలమ్మా, కాయితం రాసిస్త. ముందు కలవనీ."

నాలుగు ఇటుకలు మాకు ఇచ్చి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి మా ఇల్లు ఇల్లులా లేదు. పొద్దున లేవడం, ఆ నాలుగింటి చుట్టూ కూర్చోవడం. మా అత్త వెంకటనర్సమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, "పోరగాండ్లు లేని ఇంట్ల ముసలి పోరగాండ్లు తయారైండ్రు" అని గొణిగేది. గొణిగినా ఎవరూ చూడనప్పుడు ఆమె కూడా వచ్చి ఒకసారి టక్కుమనిపించి పోయేది. నేను చూశాను.

నాడెలకని అమ్రాబాద్ అడవి నుంచి తెప్పించుకున్న బిల్లుడు కర్ర ఇంట్లో ఉంది. పసుపు రంగు, ఇనుమంత గట్టి, రుద్దితే అద్దంలా నిగ్గు తేలుతుంది. దాన్ని ఇటుకల్లా కోయడం ఆయనకు ఒక లెక్క కాదు. చిక్కంతా బుడిపెల దగ్గర. ఒక్క ముక్కలోంచి ఎనిమిది బుడిపెలు చెక్కబోతే అన్నీ చిట్లిపోయాయి. కింద డొల్ల చేయబోతే గోడలు పగిలాయి. నాలుగు రోజుల్లో పొయ్యికి సరిపోయేటన్ని ముక్కలయ్యాయి.

ఐదో రోజు మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ ఆయన ముద్ద కంచంలో పెట్టేసి లేచాడు. ఎంగిలి చేత్తోనే బర్మా తీసి ఒక ముక్కకు పైనుంచి కింది దాకా బెజ్జం వేశాడు. "లీలా, గీ బెజ్జంల పట్టేటట్టు వెదురు పుల్ల ఒకటి గుండ్రంగ తియ్యి."

నాకు వెంటనే అర్థమైంది. బెజ్జం అవతలి దాకా పడితే, పైనుంచి వెదురు పుల్లను సగం దాకా కొట్టాలి. పైకి పొడుచుకు వచ్చినది బుడిపె. కింద మిగిలిన ఖాళీ, కింది ఇటుక బుడిపె దూరడానికి చోటు. ఒక్క బెజ్జంతో రెండు పనులు. డొల్ల చేయాల్సిన పనే లేదు. నేను పన్నె బద్దలను ఇనుప రేకు రంధ్రంలోంచి లాగి సన్నం చేసే పద్ధతిలోనే పుల్లలను లాగి గుండ్రం చేశాను. ఆయన ఒక రేకుకు లియాఖత్ అలీ ఇచ్చిన సీమ ఇటుక బుడిపెల ప్రకారం ఎనిమిది రంధ్రాలు పొడిచి, ఆ రేకును కర్ర మీద పెట్టి బర్మా తిప్పాడు. సాయంత్రానికి మొదటి ఇటుక తయారైంది.

దాన్ని ఎర్ర ఇటుక మీద పెట్టి నొక్కాను. టక్కుమంది. తెల్ల ఇటుకను దాని మీద పెట్టి నొక్కాను. టక్కుమంది. తలకిందులు చేసి దులిపాను. మూడూ ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి. నేను లేచి ఇల్లంతా తిరిగాను. కూర్చోలేకపోయాను. వాకిట్లోకి పోయి, పని లేకపోయినా బావిలోంచి ఒక బిందె నీళ్లు తోడాను. ఆయన ఆ మూడు ఇటుకలను చేతిలో పెట్టుకుని నవ్వుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత పది రోజుల్లో ముప్పై ఇటుకలు చేశాం. ఒక్కొక్కదాన్ని మా దగ్గరున్న నాలుగింటితో కలిపి చూసి, కలిసినవాటినే నువ్వుల నూనె రాసి గంపలో వేశాం. భిక్షపతి చెప్పిన సోమవారం ఇంక నాలుగు రోజులుందనగా, గురువారం పొద్దున్నే నల్లగొండ బస్సెక్కాం. దారి పొడుగునా ఆయన గంపను ఒళ్లోంచి దించలేదు. నేను మాత్రం కాయితంలో ఏమేం రాయించుకోవాలో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నా సంగతి.

దుకాణంలో లియాఖత్ అలీతో పాటు వాళ్ల అక్క షరీఫున్నీసా కూడా ఉంది. నల్లగొండ ఆడపిల్లల బడిలో పసిపిల్లల తరగతి పంతులమ్మ. ఊళ్లో అందరూ ఆపా అంటారు. సన్నటి మనిషి, లావు కళ్లద్దాలు. లియాఖత్ అలీ మా ఇటుకను సీమ ఇటుక మీద పెట్టి నొక్కి, "శభాష్" అన్నాడు. ఆపా ఆ మాట అనలేదు. లండన్ పెట్టె తెప్పించి, అందులోంచి బుడిపెల పలకలు తీసి బల్ల మీద పరిచింది. వాటి మీద ఇరవై ఎర్ర సీమ ఇటుకలను ఒకదాని పక్కన ఒకటి వరసగా నొక్కింది.

"ఇద్దరిని కలిపితె ఎవరైన కలుస్తరు" అంది. "ఇరవై మందిని ఒక్క బల్ల మీద కూసోబెట్టినప్పుడే తెలుస్తది ఎవరెట్లాంటోళ్లో. గీ వరస మీద మీ వరస పెట్టు సిద్దయ్యా."

ఆయన మొదటిది పెట్టాడు. కూర్చుంది. రెండోది బొటనవేలితో గట్టిగా ఒత్తితే కూర్చుంది. మూడోదానికి అరచెయ్యి కావలసి వచ్చింది. నాలుగోదాన్ని పిడికిలితో కొట్టాడు. అది దిగింది గానీ మొదటిది పైకి లేచింది. దాన్ని నొక్కితే మూడోది లేచింది. ఐదోది అసలు దిగనే లేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. దుకాణంలో కొనడానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు కూడా నిలబడి చూస్తున్నారు.

"గివి చుట్టాలింటికి వచ్చినట్టుగ ఒక్కటొక్కటి మంచిగుంటయి" అంది ఆపా. "కలిసి ఉండవు."

మా ఆయన తల వంచుకుని ఇటుకలు తీసి గంపలో వేసుకుంటున్నాడు. ఆ తల వంచుకోవడం చూసేసరికి నాకు కోపం నషాళానికి అంటింది.

"మాకిచ్చినయి నాలుగు ఇటుకలు" అన్నాను ఆపాతో. "నాలుగు ఇచ్చి, ఇరవై వరస పెట్టమంటె ఎట్ల పెడ్తం? ఏడ తప్పు పోయిందో నాలుగింటితోని మాకు ఎట్ల ఎరుకైతది? గా ఇరవై మాకియ్యిరి. అప్పుడు కలవకుంటె గప్పుడు అనురి."

లియాఖత్ అలీ గాభరాపడ్డాడు. అవి లండన్ నుంచి వచ్చినవి, ఇంట్లో ముట్టనివ్వరు. ఆపా మాత్రం కళ్లద్దాల పైనుంచి నన్ను కాసేపు చూసింది. పలక మీది ఇటుకలను ఒక్కొక్కటే ఊడదీసి, లెక్కపెట్టి, నా కొంగులో పోసింది.

"సోమారం దుకాణం తెరిచేసరికి ఇరవై నా చేతుల ఉండాలె. నీ వరస కూడ ఉండాలె" అంది.

ఇంటికి రాగానే ఆయన అటక మీది ట్రంకు పెట్టె దించాడు. ధోతులు మడత పెట్టుకుంటున్నాడు. "గది కాని పని లీలా. ఒక్కొక్కటి చూసినం గద, ఒక్కొక్కటి కలిసింది. వరసల ఎందుకు కలుస్తలేవో దేవునికెరుక."

శుక్రవారం తెల్లారింది. నేను పన్నె కట్టే చోట కూర్చున్నాను. ఎదురుగా సగం కట్టిన పన్నె ఉంది. దాన్ని చూస్తూ చూస్తూ నన్ను నేనే తిట్టుకున్నాను. ఒక్క సందును కొలిచి పన్నె కట్టే ఆడది ఈ భూమ్మీద ఉందా? ఒక్క సందు వెంట్రుకవాసి తేడా వస్తే కంటికి ఏం తెలుస్తుంది? ముందు మొత్తం వెడల్పు కొలుస్తాం, తర్వాత అందులో సందులు ఎన్నో పంచుకుంటాం. ఇన్నాళ్లూ నేనిక్కడ చేసే పనిని ఇటుకల దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయాను.

పన్నె బిగించే కర్ర చట్రం నేల మీద పెట్టి, ఒక అంచుకు ఆనించి ఇరవై సీమ ఇటుకలు వరసగా పేర్చాను. దాని పక్కనే మావి ఇరవై పేర్చాను. మొదళ్లు సమంగా పెట్టాను. చివరలు చూశాను.

మా వరస ముందుకు పొడుచుకు వచ్చింది. సరిగ్గా ఒక బుడిపె వరస ఉన్నంత.

"ఏమయ్యా" అని కేకపెట్టాను. "ఏమయ్యా, ఇటు రా, జల్ది రా."

ఆయన ధోతి చేతిలో పట్టుకునే వచ్చాడు. చూశాడు. కూర్చున్నాడు. ఇరవై ఇటుకలకు ఒక బుడిపె వరస ఎక్కువ. అంటే ఒక్కో ఇటుక గోరు మందం పొడుగు. ఒకటి పెడితే తెలియదు. నాలుగు పెట్టేసరికి పక్కదాన్ని నెట్టేస్తుంది.

"నువ్వు ఎట్ల గీత గీస్తున్నవు?" అని అడిగాను.

సీమ ఇటుకను కర్ర మీద పెట్టి, చాకుతో చుట్టూ గీసి చూపించాడు. ఆ గీత మీద కోయకుండా, గీతకు బయట రంపం పెట్టాడు. నేను ఆ చేతిని పట్టుకున్నాను.

"గీత మీద కొయ్యవేంది?"

"గీత మీద కోస్తె తక్కువైతది గద. కొసరుండాలె." ఆయన నావైపు వింతగా చూశాడు. "మా నాయిన ఏ నాడె ఇచ్చినా కొలతకు ఇంత కొసరు పెట్టే ఇచ్చిండు. అరిగినంక గూడ పనికొస్తది అని. ఎవ్వనికీ తక్కువ కోసిన చెయ్యి కాదు మాది."

అది నిజం. కూరగాయలమ్మే ఆమె తూకం అయ్యాక రెండు మిరపకాయలు గంపలో పడేసినట్టు, నేతగాడు పన్నెండు మూరలకు మీద బెత్తెడు నేసినట్టు, మా మామ, మా ఆయన కర్రకు కొసరు పెడతారు. ఆ కొసరు వల్లే మా నాడెలకు పేరు వచ్చింది. ఆ కొసరు వల్లే ఇప్పుడు మా ఇటుకలు కూర్చోవడం లేదు.

దుకాణంలో ఆపా సీమ ఇటుకలను పలక మీద నొక్కినప్పుడు చూసిన సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. ఆపా దగ్గరి నుంచి తెచ్చినవాటిలో ఒకదాన్ని కింద పెట్టి, దాని మీద రెండింటిని పక్కపక్కనే నొక్కి, కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాను. రెంటి మధ్యన దారమంత సన్నగా వెలుతురు. పన్నె సందులోంచి వచ్చినట్టే.

"చూడు, గివి చేసినోడు కొసరు పెట్టలే. తనకు రావాల్సిన జాగాల నుంచే జరంత తగ్గించుకున్నడు" అన్నాను.

"పిసినారోడు" అన్నాడు ఆయన.

"నువ్వు ధర్మాత్మునివి. అందుకనే పెట్టె సదురుకుంటున్నవు."

ఇద్దరికీ మాటామాటా పెరిగింది. తక్కువ కోసిన కర్ర నా చేతుల నుంచి పోదు అని ఆయన, అయితే పేరు మెడల కట్టుకొని భీవండి పో అని నేను. మా అత్త వెంకటనర్సమ్మ వంటింట్లోంచి వచ్చి మా మధ్యన కూర్చుంది. చేతిలో గంటె అలాగే ఉంది.

"ఒరే సిద్దీ, మేం ఏడుగురం అక్కచెల్లెండ్లం. ఒక్క సాప మీద పండుకునేటోళ్లం. ఒక్కొక్కతి జర కాలు ముడుసుకుంటెనే ఏడుగురం పట్టినం. మా పెద్దక్క ఒక్కతి కాళ్లు బార్ల సాపేది. గామె మంచిదే, అన్నం పెట్టేది గామెనే. అయిన గామె సాపినప్పుడు చివరిదాన్ని నేను మట్టిల పండుకునేదాన్ని." గంటెతో ఇటుకల వరసను చూపించింది. "నీ కొసరు కొనేటోనికి పోతలేదు కొడుకా. పక్క ఇటుక జాగా గుంజుకుంటుంది."

ఆయన సీమ ఇటుకల మధ్య వెలుతురును మళ్లీ మళ్లీ చూశాడు. తర్వాత ధోతిని ట్రంకు పెట్టె మీద పడేసి, ఆకురాయి అందుకున్నాడు.

కానీ ముప్పై ఏళ్ల అలవాటు ఒక్క మాటతో పోతుందా? రుద్దుతాడు, రుద్దుతాడు, ఇంకొక్క పట్టు రుద్దాలి అన్నచోట చెయ్యి ఆగిపోతుంది. "అయింది" అంటాడు. కొలిస్తే అవదు. పైగా మొదటి రెండింటిని ఒక్క చివరనే రుద్దాడు, దాంతో బుడిపెలు ఒక పక్కకు ఒరిగి ఆ రెండూ దేనికీ పనికిరాకుండా పోయాయి. రెండు చివరలూ సమంగా రుద్దాలని అప్పుడు తెలిసింది. మధ్యాహ్నానికి కలిసినవి మూడంటే మూడు.

నేను ఆయన్ని పక్కకు జరగమన్నాను. నాలుగు వెదురు బద్దలు తీసుకుని, సీమ ఇటుక చుట్టూ పెట్టి, పన్నెను బిగించినట్టు దారంతో బిగించి కట్టాను. ఇటుకను బయటికి తోస్తే లోపల దాని కొలతకు సరిపడే చిన్న చట్రం మిగిలింది. నా చెయ్యి ఎన్నో వేల సందులు కట్టిన చెయ్యి, ఆ చట్రం వెంట్రుకవాసి కూడా కదలదు.

"ఇగో. గిండ్ల నుంచి జారి పడితె ఇటుక. పడకపోతె ఇంక రుద్దాలె. నీ చెయ్యి చెప్పుడు బంద్, గిది చెప్తది."

అంతే. అక్కడి నుంచి పని గుర్రంలా పరుగెత్తింది. ఆయన రుద్దడం, చట్రంలో వేయడం, పడకపోతే మళ్లీ రుద్దడం. పడిన ప్రతిసారీ మా అత్త ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టేది. శనివారం పన్నెండయ్యాయి. ఆదివారం మధ్యాహ్నానికి ఇరవై అయ్యాయి. ఇరవయ్యోది చట్రంలోంచి జారి నా అరచేతిలో పడింది. సీమ ఇటుకల వరస మీద మా వరస పెట్టి చూడడానికి ఇంట్లో బుడిపెల పలక లేదు. పలక లేకుండా నేల మీద పెట్టిన వరస నొక్కితే అటూ ఇటూ జారుతోంది. రెండు వరసల పొడుగు సమంగా ఉందని మాత్రం తెలిసింది. మిగిలింది ఆపా బల్ల మీదే తేలాలి.

సోమవారం పొద్దున ఆయన ట్రంకు పెట్టె కూడా పట్టుకుని బయలుదేరాడు. ఇటుకలు కలవకపోతే తిరుగు బస్సులో నార్కట్‌పల్లి చౌరస్తాలో దిగి, అక్కడే భిక్షపతి మందితో హైదరాబాదు బస్సెక్కాలి. అక్కడి నుంచి రైలు. పెట్టె బస్సు మీదికి ఎక్కిస్తుంటే నేను అటు చూడలేదు. కొంగులో ఇరవై సీమ ఇటుకలు, గంపలో ఇరవై మావి.

దుకాణం తలుపులు అప్పుడే తీస్తున్నారు. ఆపా తన ఇరవై లెక్కపెట్టుకుని, పలక మీద వరసగా నొక్కింది. లియాఖత్ అలీ నుదురు తుడుచుకుంటున్నాడు. మా ఆయన వెనక్కి జరిగి, "నువ్వు పెట్టు" అన్నాడు నాతో.

మొదటిది టక్కుమంది. రెండోది టక్కుమంది. నాలుగోదాన్ని కొంగుతో తుడిచి వరసలో ఆనించాను. వేలు పెట్టాను. టక్కుమంది. ఐదోది పెట్టి మొదటిదాన్ని చూశాను. లేవలేదు. ఆ తర్వాత ఆగలేదు నేను. ఆరు, ఏడు, ఎనిమిది, పప్పు గింజలు వేయించినట్టు టకటకమని నొక్కుకుంటూ పోయాను. లియాఖత్ అలీ బల్ల మీదికి వంగి లెక్కపెడుతున్నాడు. పందొమ్మిది. ఇరవయ్యోది మిగిలిన చోట పట్టదేమో అనిపించి ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాను. నొక్కాను. కూర్చుంది. కింది ఎర్రటి వరస చివర, మా పసుపు వరస చివర, గోడ కట్టినట్టు సమం.

ఆపా ఇంకా ఒప్పుకోలేదు. మా వరస మీద పెట్టెలో మిగిలిన సీమ ఇటుకల వరస ఒకటి నొక్కింది, ఈసారి ఒక్కో ఇటుక కింది రెంటి మీద సగం సగం పడేటట్టు. కూర్చున్నాయి. గోడను ఒక చివర పట్టుకుని ఎత్తింది. కింది పలకలతో సహా లేచి వచ్చింది. గాలిలో రెండు సార్లు ఊపింది. దుకాణంలో ఉన్నవాళ్లందరం ముందుకు జరిగి చూశాం. ఒక్కటి కూడా ఊడలేదు. గోడను బల్ల మీద పెట్టి, కళ్లద్దాలు తీసి, చీర కొంగుతో తుడుచుకుంది.

"లియాఖత్, కాయితం తియ్యి" అంది.

కాయితం ఉర్దూలో ఒకటి, తెలుగులో ఒకటి రాశారు. ఏడాది. నెలకు ఇన్ని పెట్టెలని. మా ఆయన వేలిముద్ర వేస్తుంటే లియాఖత్ అలీ ఆపి, కలం చేతిలో పెట్టాడు. మా ఆయన సంతకం నేర్చుకున్నవాడే, ఆ పూట అక్షరాలు కుదరలేదు. మూడు సార్లు రాశాడు.

తిరుగు బస్సు నార్కట్‌పల్లి చౌరస్తాలో ఆగేసరికి భిక్షపతి ఐదుగురితో నిలబడి ఉన్నాడు. హైదరాబాదు బస్సు ఇంజను ఆన్ చేసే ఉంది. "బావా, జల్ది రా, జాగా పట్టిన" అని పెట్టె అందుకోబోయాడు.

"నేను వస్తలే" అన్నాడు మా ఆయన.

"అదేంది?"

"పని దొరికింది. ఊర్లనే."

భిక్షపతి నావైపు చూశాడు, ఆయనవైపు చూశాడు. కండక్టరు బస్సును తట్టాడు. ఆ ఐదుగురూ ఎక్కారు, భిక్షపతి చివరన ఎక్కి కిటికీలోంచి చెయ్యి ఊపాడు. బస్సు దుమ్ములో కనుమరుగయ్యేదాకా మేము అక్కడే ఉన్నాం.

రెండు కోసుల దారి పట్టాం. ఆయన నెత్తి మీద పెట్టె, నా చంకలో ఖాళీ గంప. ఎండ మాడుతోంది. నాకు ఎగరాలని ఉంది, పాడాలని ఉంది, ఎవరితోనైనా తగాదా పెట్టుకోవాలని కూడా ఉంది. సంతోషం ఆపుకోవడం నాకు చేతకాదు. సగం దారిలో, మూడు వారాలుగా గొంతులో పెట్టుకున్న మాట అనేశాను.

"నువ్వు లేకుంట నాతోని కాదయ్యా. నువ్వు పోత అన్న దినం సంది నాకు బువ్వ లోపలికి పోతలేదు."

ఆయన నిలబడిపోయాడు. పెట్టె దించి రోడ్డు పక్కన పెట్టాడు.

"గీ మాట గా దినమే అంటె నేను పోయేటోన్నే కాదు గదనే" అన్నాడు. "ఇటుకలు కలిసినా, కలవకున్నా. కట్టెలు కొట్టుకోని బతికేటోళ్లం. నువ్వు పొమ్మంటివి. పోతె నీకు బాధ లేదేమో అనుకున్న. అందుకనే ఊ అన్న."

నాకు కోపం రావలసింది. రాలేదు. అక్కడే రోడ్డు పక్కన కూలబడి ఏడ్చాను. ఆయన ట్రంకు పెట్టె మీద కూర్చుని, నా ఏడుపు అయిపోయేదాకా ఎటూ పోకుండా ఉన్నాడు.